వంద అడుగుల్లో ఎన్ని గుమ్మాలు?

డాలస్ శివారు ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉండే కొడుకింటికి ఆరు నెలలు ఉందామని వచ్చిన పెద్దాయన సంగతి తెలుగిళ్లలో అందరికీ తెలిసిందే. మొదటి వారం రోడ్లు చూసి మురిసిపోతాడు. రెండో వారం పొద్దున్నే బూట్లు వేసుకుని నడకకు బయల్దేరతాడు. కాలిబాట అద్దంలా ఉంటుంది. గుంట లేదు, మురుగు లేదు, వెంటపడే కుక్క లేదు. అరగంట నడిస్తే ఎదురయ్యేది పచ్చిక కత్తిరించే మనిషి ఒక్కడు. పాల క్యాను తేవాలంటే ఆరు లేన్ల రోడ్డు దాటాలి, లేదా కోడలు కారు తీయాలి. మూడో వారానికల్లా ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేసి "మనిషి మొహం కనపడట్లేదురా" అంటాడు. అదే పెద్దాయన జెర్సీ సిటీలో కూతురి దగ్గరికి వెళ్లాక మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా బయటే ఉంటాడు.

రెండూ అమెరికా మహానగరాల పరిధిలోవే. ఇల్లు ఎంత విశాలం, స్కూలు ఎంత మంచిది, రోడ్డు ఎంత శుభ్రం అని చూస్తే ఫ్రిస్కోదే పైచేయి. డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతమంతా కలిపి 2020 లెక్కల్లోనే 76 లక్షల జనం. మనుషులకు కొదవ లేదు. మరి వాళ్లంతా వీధిలో ఎందుకు కనపడరు? ఈ ప్రశ్నకు ఎక్కువగా వినపడే జవాబు జనసాంద్రత. అందులో సగమే నిజం.

సాంద్రతే అసలు సంగతైతే లాస్ ఏంజెలెస్ వీధులు న్యూయార్క్ వీధుల్ని మించి కిటకిటలాడాలి. శివార్లతో కలిపి పట్టణ ప్రాంతాల్ని లెక్కగట్టిన 2010 జనగణనలో అమెరికా మొత్తం మీద ఒత్తుగా ఉన్నది లాస్ ఏంజెలెసే. చదరపు కిలోమీటరుకు దాదాపు 2,700 మంది. న్యూయార్క్ ప్రాంతం 2,050 దగ్గర ఆగిపోయింది. ఇందులో గారడీ ఏమీ లేదు. న్యూయార్క్ చుట్టూ న్యూజెర్సీలో, లాంగ్ ఐలాండ్‌లో, కనెక్టికట్‌లో పెద్ద పెద్ద పెరళ్లున్న ఇళ్లు సగటును కిందికి లాగేస్తాయి. లాస్ ఏంజెలెస్‌లో కొండలకీ సముద్రానికీ మధ్య చిన్న చిన్న స్థలాల్లో ఇళ్లు ఒకే తీరున కనుచూపు మేర పరుచుకున్నాయి. ఒకచోట అన్నం విస్తరి మధ్యలో కుప్పగా పోశారు, ఇంకోచోట అంచుల దాకా పలచగా నెరిపారు. మాన్‌హట్టన్ ఒక్కటే తీసుకుంటే 59 చదరపు కిలోమీటర్లలో దాదాపు 17 లక్షల మంది ఉంటారు. అంత గుట్ట లాస్ ఏంజెలెస్‌లో ఎక్కడా లేదు.

కానీ గుట్టగా ఉన్నచోటైనా అక్కడ సందడి కాలిబాట మీదికి రాదు. లాస్ ఏంజెలెస్‌లో బాగా ఒత్తుగా జనం ఉండే పేటల్లో కొరియాటౌన్ ఒకటి. రాత్రి పదకొండింటికి కూడా అక్కడ నిప్పుల మీద మాంసం కాల్చే హోటళ్లు నిండుగా ఉంటాయి. అద్దాల వెనక నవ్వులు, పొగ, గ్లాసుల చప్పుడు. అద్దానికీ కాలిబాటకీ మధ్య పది పదిహేను కార్లు పట్టే జాగా. వచ్చినవాళ్లు కారు తాళాలు గుమ్మం దగ్గరి కుర్రాడి చేతిలో పెట్టి లోపలికి పోతారు, తిన్నాక కారెక్కి వెళ్లిపోతారు. వందమంది తిన్నా కాలిబాట మీద పదిమంది కనపడరు. జనం ఉన్నారు, వ్యాపారం ఉంది, లేనిది వీధిలోకి తెరుచుకునే గుమ్మం.

కాబట్టి ఒక నగరం ఎంత నగరంలా అనిపిస్తుందో తేల్చాలంటే ఆకాశహర్మ్యాల ఎత్తు కంటే గుమ్మాల లెక్క బాగా పనికొస్తుంది. వంద అడుగులు నడిస్తే వీధిలోకి తెరుచుకునే తలుపులు ఎన్ని దాటతాం? మాన్‌హట్టన్‌కు గీతలు గీసిన 1811 నాటి ప్రణాళిక తర్వాత అక్కడ స్థలాలు అమ్మిన కొలత 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. అంటే వంద అడుగుల్లో నాలుగు దుకాణాలు, పైఅంతస్తులకు దారితీసే నాలుగు తలుపులు, మొత్తం ఎనిమిది. ఫిలడెల్ఫియాలో గోడకు గోడ ఆనించి కట్టిన వరసిళ్ల వెడల్పు 16 అడుగుల దగ్గర ఉంటుంది. వందకు ఆరు గుమ్మాలు, ఆరు గుమ్మాల ముందూ మెట్లు, సాయంత్రమైతే ఆ మెట్ల మీద మనుషులు. మాంట్రియల్‌లో లెక్క ఇంకా పైకి పోతుంది, ఆ సంగతి తర్వాత. కొత్త సబర్బ్‌లో ఇంటి స్థలం వెడల్పు అరవై అడుగులు, అందులో వీధికి ఎదురుగా నిలబడేది గ్యారేజీ తలుపు. దానికి మనుషులతో పని లేదు. ఇక పెద్ద సరుకుల స్టోరుకైతే నాలుగు వందల అడుగుల గోడకు ఒకటే ద్వారం, అదీ పార్కింగ్ ఎడారికి అవతల.

మనిషి నడక వేగానికి ఎనిమిది గుమ్మాలంటే మూడు నాలుగు సెకన్లకొక కొత్త దృశ్యం. చెప్పులు కుట్టే కొట్టు, పండ్లు, వేలిగోళ్ల సెలూను, ఏవో వాసనలు. మైలు దూరం తెలియకుండా గడిచిపోతుంది. అదే మైలు గోడ పక్కన నడిస్తే ప్రయాణం. బ్లాక్ పొడవు కూడా ఇదే పని చేస్తుంది. పోర్ట్‌లాండ్ డౌన్‌టౌన్‌లో బ్లాక్ 200 అడుగులు, సాల్ట్ లేక్ సిటీలో 660 అడుగులు. మొదటిచోట నిమిషానికొక మలుపు, రెండోచోట ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లేసరికి అనుకున్న పని మీద విసుగొస్తుంది. ఆ సాల్ట్ లేక్ సిటీలోనే రోడ్డు దాటేవాళ్లు చేత్తో ఊపుకుంటూ వెళ్లడానికి కొన్ని మూలల్లో నారింజ రంగు జెండాలు పెట్టారు. మనుషులు నడుస్తారని గుర్తుచేయడానికి జెండా అవసరమైన రోడ్డు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

గుమ్మాలు వాటంతటవి మాయం కాలేదు, చట్టం తీసేసింది. నివాసాల మధ్య దుకాణం పెట్టకూడదనే జోనింగ్ పద్ధతికి అమెరికా సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ కేసులో రాజముద్ర వేసింది. దాంతో వీధి మూల కిరాణా కొట్టు చాలా పేటల్లో నేరమైపోయింది. రెండో దెబ్బ పార్కింగ్ నిబంధన. చాలా నగరాల్లో వెయ్యి చదరపు అడుగుల హోటలుకు పది కార్ల చోటు చూపించాలన్నారు. మలుపు తిరిగే దారితో కలిపి ఒక్కో కారుకు మూడు వందల చదరపు అడుగులు పడుతుంది. వంటకీ తిండికీ కలిపి వెయ్యి అడుగులు, కార్లు నిద్రపోవడానికి మూడు వేలు. మాన్‌హట్టన్ తరహా 25 అడుగుల స్థలంలో ఈ హోటలు పట్టదు. పాత వీధి లాంటిది మళ్లీ కట్టాలని ఎవరికైనా బుద్ధిపుట్టినా ప్లాను మంజూరు కాదు.

హ్యూస్టన్ కథ ఇక్కడ సరదాగా ఉంటుంది. అమెరికా పెద్ద నగరాల్లో జోనింగ్ చట్టం లేనిది అదొక్కటే. ఎవరి స్థలంలో వాళ్లు ఏమైనా కట్టుకోవచ్చన్నారు కదా, మరి అక్కడ బజారు వీధులు వెల్లివిరియాలి. విరియలేదు. జోనింగ్ లేకపోయినా పార్కింగ్ నిబంధనా, కనీస స్థలం నిబంధనా, వెడల్పాటి రోడ్లూ ఉన్నాయి. కేటీ ఫ్రీవే కొన్నిచోట్ల పక్క రోడ్లతో కలిపి 26 లేన్లు. 1998లో నగరం నడిబొడ్డున, 610 లూప్ అనే వలయ రహదారి లోపల, కనీస స్థలాన్ని 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు తగ్గించారు. వేలకొద్దీ మూడంతస్తుల ఇళ్లు లేచాయి. ఇళ్లు ఒత్తయ్యాయి గానీ వాటిలో చాలావాటికి కింది అంతస్తు గ్యారేజీయే. ఫిలడెల్ఫియా అంత దగ్గరదగ్గరగా కట్టినా మెట్ల మీద కూర్చునే మనిషి రాలేదు.

హ్యూస్టన్ డౌన్‌టౌన్ మరో వింత. మధ్యాహ్నం పన్నెండున్నరకు అక్కడ దిగితే కాలిబాట మీద ఎవరూ ఉండరు. ఆఫీసులు మూశారేమో అనుకుంటే పొరపాటు. ఉద్యోగులంతా భూమి కింద ఉన్నారు. పది కిలోమీటర్ల దాకా సాగే ఏసీ సొరంగాల్లో తిండి, క్షవరం, మందుల షాపు అన్నీ దొరుకుతాయి. టెక్సస్ ఎండలో అది తెలివైన పనే. అయితే సొరంగాల్లో దుకాణాలు ఆఫీసు వేళలకే తెరుస్తారు, సాయంత్రానికి షట్టర్లు దింపేస్తారు. పైనున్న వీధికి మధ్యాహ్నం బేరం కింద పోయింది, రాత్రి బేరం సబర్బ్‌కు పోయింది. టొరంటోకూ మాంట్రియల్‌కూ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు భూగర్భ దారులున్నాయి. అక్కడ వీధులు చచ్చిపోలేదు, ఎందుకంటే పైన కాపురాలు కూడా ఉన్నాయి. ఆఫీసు మనిషి వారానికి ఐదు రోజులు, పూటకో గంట వీధికి పనికొస్తాడు. కాపురమున్న మనిషికి ఆదివారం కూడా ఉల్లిపాయలు కావాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో ఈ పాఠాన్ని ఖరీదుగా నేర్చుకుంది. 120 చదరపు కిలోమీటర్ల చిన్న నగరం, నిట్టనిలువు కొండలున్నా నడకకు అమెరికాలో అగ్రశ్రేణి. 1989 భూకంపంలో దెబ్బతిన్న ఎంబార్కడెరో ఫ్రీవేను 1991లో కూల్చేసి సముద్రతీరాన్ని నడిచేవాళ్లకు తిరిగిచ్చిన ఊరు. కోవిడ్ తర్వాత ఐటీ ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేయడం మొదలెట్టగానే డౌన్‌టౌన్ బోసిపోయింది, దుకాణాలు మూతపడ్డాయి, నగరమే పోయిందన్న వార్తలు వచ్చాయి. అదే రోజుల్లో చైనాటౌన్ స్టాక్‌టన్ వీధిలో కూరగాయల బుట్టల మధ్య ఒళ్లు పక్కకు తిప్పి నడవాల్సి వచ్చేది. చచ్చింది ఆఫీసుల పేట ఒక్కటే.

షికాగోలోనూ ఇదే వరస. లూప్ అనే ఆఫీసుల పేట సాయంత్రమయ్యేసరికి పలచబడుతుంది. ఊరి ప్రాణం ఎత్తురైలు స్టేషన్ల చుట్టూ, ట్రామ్‌లు తిరిగిన పాత వీధుల వెంట ఉంది. షికాగోకు ఒక అదృష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ పొగడరు. ఇళ్ల వెనక సందులు. నగరమంతా కలిపి మూడు వేల కిలోమీటర్ల సందులున్నాయి. చెత్త, కారు షెడ్డు, కరెంటు స్తంభాలు అన్నీ వెనక్కి పోయాయి, ముందున్న కాలిబాటను డ్రైవ్‌వేలు ముక్కలు చేయలేదు. మాన్‌హట్టన్ గీసినవాళ్లు సందులు వదల్లేదు. ఫలితం రోజూ సాయంత్రం కనపడుతుంది. కోట్లు పలికే అపార్ట్‌మెంట్ ముందు నల్ల సంచుల గుట్ట, దాని కింద ఎలుకల సంత. 2024 నుంచి దశలవారీగా డబ్బాలు తప్పనిసరి చేస్తున్నారు. అయినా చెప్పుకోవాల్సింది ఏమిటంటే, ఆ కంపులోంచి కూడా జనం న్యూయార్క్‌లోనే నడుస్తారు, పూలకుండీలున్న సబర్బ్‌లో నడవరు. శుభ్రత వేరు, సందడి వేరు.

కెనడా నగరాలు అమెరికా నగరాలకు చిన్న చెల్లెళ్లలా కనిపిస్తాయి గానీ, ఒకే జనాభా ఉన్న ఊళ్లను పక్కపక్కన పెడితే కెనడాదే గెలుపు. ఒక కారణం, అక్కడ ఊరి మధ్య నుంచి ఫ్రీవేలు దూసుకుపోనివ్వలేదు. వాంకూవర్‌లో చైనాటౌన్, స్ట్రాత్‌కోనా వాసులు 1960ల చివర్లో అడ్డుపడ్డారు. టొరంటోలో స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వే 1971లో ఆగింది. న్యూయార్క్ నుంచి 1968లో వచ్చి స్థిరపడిన, నగరాల మీద పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ ఆ పోరాటంలో ముందు నిలిచింది. 1972లో ట్రామ్‌లను తీసేయాలన్న నిర్ణయాన్ని కూడా జనం వెనక్కి తిప్పించారు. వెయ్యి మైళ్లకు పైగా పట్టాలుండిన లాస్ ఏంజెలెస్ పసిఫిక్ ఎలక్ట్రిక్ ట్రామ్ వ్యవస్థలో ఆఖరి బండి అప్పటికి పదేళ్ల కిందటే, 1961లో, ఆగిపోయింది. టొరంటో క్వీన్ వీధిలో ఇవాళ్టికీ ట్రామ్ దిగిన మనిషి ముందున్నది రెండంతస్తుల ఇరుకు దుకాణమే.

టొరంటోది మాత్రం పలచటి కేకు మీద పూసిన మందపు క్రీము. పెద్ద వీధులు కళకళలాడతాయి. వాటి వెనక ఒక అడుగు వేస్తే చెట్ల నీడలో పొద్దస్తమానం నిద్రపోయే ఇళ్ల వరసలు. చాలాకాలం అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టనివ్వలేదు. అందుకే ఎత్తైన కాండోలన్నీ పెద్ద వీధుల మీద పడ్డాయి. నాలుగు పాత కొట్లు కూల్చి లేపిన టవరు కింద బ్యాంకు ఒకటి, మందుల షాపు ఒకటి, ఎనభై అడుగుల అద్దం. పైన ఐదొందల కుటుంబాలు చేరాయి, కింద నాలుగు గుమ్మాలు రెండయ్యాయి. సాంద్రత పెరిగి సందడి తగ్గే విడ్డూరం ఇలాగే జరుగుతుంది. వాంకూవర్ ఈ విషయంలో కాస్త ముందుచూపు చూపించింది. టవరు కింది భాగంలో వీధి వైపు తలుపులున్న రెండు మూడంతస్తుల ఇళ్లు పెట్టించింది. ఊరు అందంగా ఉంటుంది, నడవడానికి హాయిగా ఉంటుంది. కొంచెం మర్యాద ఎక్కువ.

మాంట్రియల్ తన బరువుకు మించి మోత మోగించే ఊరు. 2021 జనగణనలో 18 లక్షలు కూడా లేని జనాభా, ఆరు నెలలు చలి. అయినా ప్లాటో పేటలో నడిస్తే పెద్ద నగరంలో ఉన్నామనే అనిపిస్తుంది. రహస్యం ఇనుప మెట్లు. అక్కడి పాత ఇళ్లు మూడు వాటాల మేడలు, వెడల్పు ఇరవై ఐదడుగుల దగ్గర. పై వాటాలకు మెట్లు ఇంటి లోపల కాక బయట, వంకర తిరిగి, కాలిబాట దాకా దిగుతాయి. లోపల జాగా కలిసొస్తుందని, వేడి చేయాల్సిన గదులు తగ్గుతాయని యజమానులు పెట్టుకున్న ఏర్పాటు ఇది. ఒక దశలో నగరం వీటిని నిషేధించి, తర్వాత తప్పు తెలుసుకుని మళ్లీ ఒప్పుకుంది. జనవరిలో మంచు గడ్డకట్టాక ఆ మెట్లు దిగడం సర్కస్సే. కానీ లెక్క వేసి చూడండి. వంద అడుగుల్లో నాలుగు మేడలు, మేడకు మూడు వాటాలు, వాటాకొక సొంత తలుపు. పన్నెండు. లిఫ్టు లేదు, లాబీ లేదు, కాపలావాడు లేడు. పన్నెండు కుటుంబాలూ నేరుగా వీధిలోకే వస్తాయి. ఎవరింటి పిల్లాడు స్కూలుకు వెళ్లలేదో ఎదురింటావిడకు తెలుస్తుంది. మూలమీద సరుకుల కొట్టు, నాలుగు వీధుల అవతల 1966లో రబ్బరు చక్రాల మీద పరుగు మొదలెట్టిన మెట్రో. టవర్లు లేకుండా సాంద్రత ఎలా సాధించవచ్చో చూపించే ఊరు ఖండంలో ఇంతకు మించి లేదు.

ఇంతవరకూ చెప్పుకున్న పోటీలో ఒక పేరు కావాలనే వెనక ఉంచాల్సి వచ్చింది. అమెరికా, కెనడా మాత్రమే ఉత్తర అమెరికా అనుకునేవాళ్ల జాబితాలో న్యూయార్క్ మొదటి స్థానం ఎప్పుడూ పదిలం. మెక్సికో సిటీని కలిపితే ఆ ధీమా ఉండదు. పరిధి మొత్తం మీద రెండు కోట్ల పైచిలుకు జనం. అక్కడ వీధి గుమ్మం దగ్గర ఆగదు, గుమ్మాలు లేనిచోట కూడా దుకాణం మొలుస్తుంది. పొద్దున మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర స్టీలు గిన్నె మూత తీస్తే ఆవిరి, లోపల మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టిన తమాలెలు. వాటిని బన్ను మధ్యలో పెట్టుకుని నిలబడే తినేసి రైలెక్కుతారు. వారానికొక రోజు పేటలో ఒక వీధి గులాబీ రంగు పట్టాలు కప్పుకుని తియాంగిస్ అనే సంత అవుతుంది, సాయంత్రానికి కడిగిన వీధి మళ్లీ వీధిలా ఉంటుంది. పాత పరుపులు, ఇనుప సామాను కొంటామని రికార్డు చేసిన చిన్నపిల్ల గొంతు బండి మీంచి వినపడుతుంది. చీకటి పడ్డాక ఆవిరి రైలు కూతలాంటి సన్నని ఈల వేస్తే చిలగడదుంపల బండి వచ్చిందని అర్థం. ఇంట్లో కూర్చున్నవాళ్లను చెవి పట్టుకుని వీధిలోకి లాగే ఊరు ఇది.

ఇదే ఊళ్లో కాలిబాటను చెట్ల వేళ్లు ఎత్తి పడేస్తాయి, దాని మీద కార్లు ఎక్కిస్తారు, పెద్ద రోడ్డు దాటాలంటే వంతెన మెట్లు ఎక్కి దిగాలి. అమెరికాలో 2007లో మొదలైన వాక్ స్కోర్ లాంటి కొలతలు ఇంటి నుంచి కొట్టు, బడి, పార్కు ఎంత దూరమో చూసి వందకు మార్కులేస్తాయి. కాలిబాట పగిలిందా, ఎండ పడుతుందా, పక్కన మనుషులున్నారా అన్నవి ఆ లెక్కలోకి రావు. నడవడానికి వీలుండటం ఒకటి, నడవబుద్ధి కావడం ఇంకొకటి. మెక్సికో సిటీ మొదటిదాంట్లో తడబడి రెండోదాంట్లో అందర్నీ దాటిపోతుంది. మొదటిది సరిచేసుకునే పని కూడా సాగుతోంది. పాతబస్తీలో మదేరో వీధిని 2010లో పూర్తిగా నడిచేవాళ్లకు ఇచ్చేశారు. కట్టడాలకు కనీస పార్కింగ్ నిబంధనను 2017లో ఎత్తేశారు, దానికి బదులు ఇంతకు మించి కట్టకూడదనే హద్దు పెట్టారు. 1969లో మొదలైన మెట్రోకు 12 లైన్లు, 195 స్టేషన్లు, టికెట్ 5 పెసోలు. అక్షరాలు రానివాళ్ల కోసం స్టేషన్‌కొక బొమ్మ గుర్తు ఉంటుంది. మిడత, బాతు, గంట. రైలెక్కే పేదవాడికి ఊరు చదవడం వస్తుంది.

ఆ ఊరికీ ఒక ఫ్రిస్కో ఉంది. పడమర కొండల్లో చెత్తదిబ్బల మీద లేచిన శాంటా ఫే పేట. అద్దాల టవర్లు, మాల్, గేటెడ్ కాలనీలు, వాటి మధ్య హైవే లాంటి రోడ్లు. భాష, తిండి, వాతావరణం అన్నీ ఒకటే అయినా అక్కడ నడిచేది ఉద్యోగానికి బస్సు దిగిన పనివాళ్లే. వీధి సందడి జాతి స్వభావమని, లాటిన్ రక్తమని చెప్పేవాళ్లు ఒకసారి అక్కడ దిగి చూడాలి.

ఇలాంటి వీధులు తక్కువ, కోరుకునేవాళ్లు ఎక్కువ, కాబట్టి అద్దె మండిపోతుంది. మెక్సికో సిటీలో రోమా, కొండేసా పేటలకు డాలర్లతో వచ్చిన విదేశీయుల వల్ల స్థానికులు ఖాళీ చేయాల్సి వస్తోందని 2025 జులైలో జనం రోడ్డెక్కారు. న్యూయార్క్‌లో సగానికి పైగా కుటుంబాలకు కారు లేదు, కారు మీద మిగిలింది అద్దెకు పోతుంది. అక్కడ 2025 జనవరి 5 నుంచి 60వ వీధికి దిగువన మాన్‌హట్టన్‌లోకి కారుతో వస్తే పగటివేళ 9 డాలర్లు కట్టాలి. బఫలో 2017లో, మినియాపొలిస్ 2021లో, ఆస్టిన్ 2023లో పార్కింగ్ నిబంధనను తీసేశాయి. చట్టం పోయినంత మాత్రాన గుమ్మాలు రాత్రికి రాత్రి రావు. కట్టిన రోడ్డు వెడల్పు అలాగే ఉంటుంది, వాటి మీద చనిపోయేవాళ్లూ ఉంటారు. 2022లో దేశం మొత్తం మీద 7,500 మందికి పైగా పాదచారులు వాహనాల కింద పోయారు.

మళ్లీ పెద్దాయన దగ్గరికి వస్తే, న్యూజెర్సీలో భారతీయులకు రెండు ప్రసిద్ధ బజార్లున్నాయి. ఎడిసన్, ఇజెలిన్ ఊళ్ల మీదుగా పోయే ఓక్ ట్రీ రోడ్డు ఒకటి. చీరలు, బంగారం, మిఠాయి, దోసె, ఏది కావాలన్నా అక్కడ ఉంది. కానీ శనివారం సాయంత్రం సగం సమయం పార్కింగ్ వెతకడానికే పోతుంది. ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు కారు తీసుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. రెండోది జెర్సీ సిటీలో నూవార్క్ అవెన్యూ మీద టొనెలీ అవెన్యూకీ కెనడీ బులెవార్డుకీ మధ్య ఉన్న చిన్న ముక్క. ఓక్ ట్రీ రోడ్డుతో పోలిస్తే అది పిడికెడు. పాత ఇటుక మేడలు, కింద ఇరుకు దుకాణాలు, పైన కాపురాలు. గోధుమపిండి బస్తాలు కాలిబాట మీదే పేర్చి ఉంటాయి. మాన్‌హట్టన్ నుంచి పాథ్ రైల్లో వచ్చి జర్నల్ స్క్వేర్‌లో దిగితే పది నిమిషాల నడక. పెద్దాయన అక్కడికి వెళ్లేది కరివేపాకు కోసమే. కొని తిరిగొచ్చేసరికి గంటన్నర పడుతుంది.